వారమంతా డైట్ చేసి ఆదివారం ఒక్కరోజు కట్టు తప్పితే ఏమన్నా అవుద్దా?

బెళ్ళందూరు బావ:

అందరికీ నమస్తే. మాది ఒంగోలు, బెంగళూరొచ్చి చాలా ఏళ్ళయింది, ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆఫీసు, ఇల్లు బెళ్ళందూరు. వయసు 33, హైటు 5 అడుగుల 8 అంగుళాలు, డైట్ మొదలెట్టినప్పుడు 94 ఉన్నా ఇప్పుడు 88. సంక్రాంతికి ఊరెళ్తే మా పిన్ని పదిమందిలో "ఏరా బాగా ఒళ్ళు చేశావే, కూర్చుంటే కుర్చీ కనబడట్లా" అనేసింది, ఆ దెబ్బకి మొదలైంది ఇదంతా.

సోమవారం నుంచి శుక్రవారం దాకా నా డైట్‌కి వంక పెట్టలేరు. పొద్దున గుడ్లు లేదా పెసరట్టు, మధ్యాహ్నం మా వంటావిడ చేసే రెండు పుల్కాలు, పప్పు, కూర, పెరుగు, రాత్రికి చికెనో పనీరో పక్కన కీరా టమాటా. అన్నం ముట్టుకోను. ఆఫీసులో ఎవరిదో బర్త్‌డే అని కేక్ కోస్తే మీటింగ్ ఉందని తప్పించుకుంటా. మొదట్లో బాగానే తగ్గా, ఇప్పుడు కొన్ని వారాలుగా కాటా మీద అంకె ఉన్నచోటే ఉంది.

గొడవంతా ఆదివారంతోనే. పొద్దున్నే దర్శిని హోటల్లో నెయ్యి పొడి దోసె, వడ, ఫిల్టర్ కాఫీ. మధ్యాహ్నం ఫ్రెండ్స్‌తో బిర్యానీ, స్టార్టర్ లేకుండా బిర్యానీ ఏంటని అదొకటి, కూల్‌డ్రింకు. సాయంత్రం మా పాపతో ఐస్‌క్రీమ్. రాత్రి మ్యాచ్ ఉంటే రెండు బీర్లు, మధ్యాహ్నం మిగిలిన బిర్యానీ వేడి చేసుకుని లాగించేస్తా. సోమవారం పొద్దున కాటా ఎక్కితే కిలోన్నర ఎక్కువ చూపిస్తది, బుధ గురువారానికి మళ్ళీ దిగుద్ది, మళ్ళీ ఆదివారం.

జిమ్ ట్రైనర్ ఏమో "సార్ చీట్ డే ఉండాల్సిందే, లేకపోతే మెటబాలిజం పడుకుంటది, వారానికొకసారి గట్టిగా తింటే మళ్ళీ లేస్తది" అంటాడు. మా మరదలు డైటీషియన్ కోర్సు చేసింది, ఆ అమ్మాయి "మీ కొంప ముంచేదే ఆ రోజు బావా" అంటది. మా ఆవిడని అడిగితే మీరూ మీరూ తేల్చుకోండి, నేను మాత్రం ఆదివారం పొయ్యి ముట్టించను అంది. ఎవరి మాట వినాలి? మీలో వారానికో రోజు నోరు వదిలేసి కూడా తగ్గినవాళ్ళు ఉన్నారా?

ఎక్సెల్ షీటు:

తమ్ముడూ ముందు మీ ట్రైనర్ మాట సంగతి చూద్దాం. లెప్టిన్ అని ఒక హార్మోన్ ఉంది, 1994లో కనిపెట్టారు, ఒంట్లో కొవ్వు నిల్వ ఎంతుందో మెదడుకి కబురు పంపేది అదే. డైట్ చేస్తే అది తగ్గుతుంది, తగ్గితే ఆకలి పెరుగుద్ది, ఒళ్ళు ఖర్చు పెట్టే క్యాలరీలు కూడా కాస్త తగ్గుతాయి. ఒక రోజు అన్నం స్వీట్లు దండిగా తింటే లెప్టిన్ పైకి లేస్తుంది అనేది కూడా అబద్ధం కాదు. కాని మళ్ళీ డైట్‌లోకి రాగానే అది మళ్ళీ కిందికే, ఈ లోపల అదనంగా కరిగేది నువ్వు అదనంగా తిన్నదాంట్లో చిన్న వాటా మాత్రమే. వంద ఎక్కువ తిని పది ఎక్కువ ఖర్చు పెట్టి లాభం వచ్చింది అనుకోవడం ఏ లెక్కలోనూ కుదరదు.

సోమవారం కిలోన్నర గురించి మాత్రం కంగారు పడకు. ఒక కిలో ఒంటి కొవ్వంటే సుమారు 7700 క్యాలరీలు, ఆ లెక్కన ఒక్కరోజులో కిలోన్నర కొవ్వు పెరగాలంటే మామూలు తిండి కాకుండా ఇంకో పదకొండు వేల పైచిలుకు తినాలి, నువ్వు చెప్పిన మెనూకి అంత సీను లేదు. జరిగేదేంటంటే వారమంతా అన్నం మానేసేసరికి కండరాల్లో లివర్‌లో ఉండే గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిల్వ తగ్గి ఉంటుంది, ఆదివారం బిర్యానీతో అది మళ్ళీ నిండుతుంది, గ్రాము గ్లైకోజెన్ సుమారు మూడు గ్రాముల నీళ్ళని పట్టుకుని కూర్చుంటుంది. ఓ 300 గ్రాములు నిండిందనుకో, నీళ్ళతో కలిపి కిలో దాటిపోయింది. దానికి తోడు బిర్యానీలో స్టార్టర్‌లో ఉప్పు, ఇంకా కడుపులో ఉన్న తిండి బరువు. అదంతా బుధవారానికి పోతుంది. అందుకే సోమవారం కాటా ఎక్కకు, ఎక్కితే రోజూ ఎక్కి వారానికి సగటు తీసి పోయిన వారం సగటుతో పోల్చుకో.

ఇప్పుడు అసలు లెక్క. నీ సైజుకి, కూర్చుని చేసే పనికి రోజుకి ఓ 2400 ఖర్చవుతుంది అనుకుందాం, నువ్వు 1900 తింటున్నావు అనుకుందాం, అంటే రోజుకి 500 మిగులు, అది ఒంటి కొవ్వులోంచి పోతుంది. ఆదివారం చూడు. నెయ్యి దోసె వడ కాఫీ 700, బిర్యానీ 1100, స్టార్టర్ 450, కూల్‌డ్రింకు 330 ఎంఎల్ టిన్ను 140, ఐస్‌క్రీమ్ 300, పెద్ద బీరు ఒక్కోటి దగ్గర దగ్గర 300 కాబట్టి రెండిటికి 600, రాత్రి మిగిలిన బిర్యానీ 700. మొత్తం 4000 దాకా. హోటల్‌ని బట్టి అటూ ఇటూ అవుద్ది గాని లెక్క తీరు ఇదే. అంటే 1600 ఎక్కువ. ఆరు రోజుల మిగులు 3000లోంచి తీసెయ్, 1400. వారానికి 180 గ్రాముల కొవ్వు, నెలకి ముప్పావు కిలో. కొంచెమే అయినా తగ్గుతావన్నమాట.

మరి నీకు అసలు కదలట్లేదంటే ఏదో లెక్కలోకి రాలేదు. సోమవారం నుంచి శుక్రవారం అని రాశావు, ఆదివారం గురించి రాశావు, శనివారం ఏమైంది తమ్ముడూ? శనివారం ఖర్చయ్యే 2400 మీద ఓ 900 ఎక్కువ పడితే చాలు, ఐదు రోజుల 2500 మొత్తం శని ఆదివారాల్లో చెల్లుకు చెల్లు. నా అనుమానం అదే.

అదే ఆదివారం రోజంతా కాకుండా ఒక్క పూటకే పరిమితం చేసి ఆ రోజు మొత్తం 2400 దగ్గర ఆపావనుకో, వారానికి 3000 మిగులుతుంది, అంటే దగ్గర దగ్గర 400 గ్రాములు. బిర్యానీ అక్కడే ఉంది, ఏం పోలేదు.

డైట్ నుంచి రెస్ట్ తీసుకోవడం మీద ఆస్ట్రేలియాలో ఒక స్టడీ చేశారు, మాటడోర్ అంటారు, 51 మంది ఊబకాయం ఉన్న మగవాళ్ళు. ఒక గ్రూపు 16 వారాలు ఏకధాటిగా డైట్, ఇంకో గ్రూపు రెండు వారాలు డైట్ రెండు వారాలు రెస్ట్ చొప్పున మొత్తం అవే 16 వారాల డైట్. రెస్ట్ తీసుకున్నవాళ్ళే ఎక్కువ తగ్గారు, సుమారు 14 కిలోలు, రెండోవాళ్ళు 9. యూట్యూబ్‌లో చీట్ డే వీడియోలు చేసేవాళ్ళు దీన్ని పట్టుకుని ఊపుతుంటారు. కాని ఆ రెస్ట్ వారాల్లో వాళ్ళు తిన్నది బరువు పెరక్కుండా తగ్గకుండా ఉండేంత మాత్రమే, అదీ కొలిచి ఇచ్చిన తిండి. రెస్ట్ అంటే అక్కడ అర్థం అదీ, బకెట్ బిర్యానీ కాదు. తర్వాత జిమ్ చేసేవాళ్ళ మీద ఇలాంటిదే చేస్తే కొవ్వు తగ్గడంలో తేడా రాలేదు, ఆకలీ చిరాకూ మాత్రం తగ్గాయి. నాకు ఇందులో పనికొచ్చేది ఆ రెండో ముక్కే అనిపిస్తుంది.

మసాలా తక్కువ:

బిర్యానీ లేని ఆదివారం కూడా ఒక ఆదివారమేనా బ్రో

మల్లేశ్వరం ఎయిత్ క్రాస్:

బాబూ పైన ఎక్సెల్ గారు చెప్పిన లెక్క బాగుంది, కాని ఆయన ఒకటి వదిలేశారు. నువ్వు ఆదివారం ఒక్కటే లెక్కేస్తున్నావు, బెంగళూరులో ఉండే తెలుగువాళ్ళకి సంవత్సరంలో పండగలు డబుల్. మన ఉగాదికి బొబ్బట్లు, పక్కింటి కన్నడ ఆంటీ పంపే హోళిగె అదనం. మన సంక్రాంతికి అరిసెలు, వాళ్ళు ఎళ్ళు బెల్ల అని నువ్వులూ బెల్లమూ పంచుతారు. వరలక్ష్మీ వ్రతానికి ఇద్దరిళ్ళలోనూ వాయనం. జనవరిలో వీవీ పురం వైపు వెళ్తే అవరేకాళు మేళా, అంటే అనపగింజల మేళా, అవరేకాళుతో దోసె కూడా వేస్తారు జిలేబీ కూడా చేస్తారు, కార్తీకమాసం ఆఖరి సోమవారం బసవనగుడిలో కడలేకాయి పరిషె, అంటే వేరుశనక్కాయల జాతర, వేయించిన వేరుశనక్కాయలు చేతిలో పొట్లం ఉంటే ఎంత తిన్నామో ఎవరికి తెలుస్తుంది. ఇవి కాక ఆఫీసులో టీమ్ లంచ్, అపార్ట్‌మెంట్‌లో పుట్టినరోజులు. అన్నిటికన్నా పెద్దది ఊరెళ్ళడం. రాత్రి బస్సెక్కి ఒంగోల్లో దిగావా, మీ అమ్మగారు బస్టాండు నుంచి ఇంటికి రాగానే పెట్టే ఇడ్లీ దగ్గర మొదలుపెడితే తిరుగు బస్సుకి డబ్బాలో కట్టిచ్చే పులిహోర దాకా ఎక్కడా బ్రేక్ ఉండదు. ఇవన్నీ ఎటూ తప్పవు, తప్పించుకోవాల్సిన పనీ లేదు. వీటి మీద మళ్ళీ వారం వారం ఒక రోజు ఎందుకు అని నా ప్రశ్న.

మా అత్తగారు శనివారం ఒకపొద్దు ఉండేవారు, పగలు భోజనం, రాత్రికి అన్నం లేదు, ఓ రెండు ఇడ్లీలో ఉప్మానో. ఆదివారం మామగారికి నీసు ఉండాల్సిందే, కాని అది మధ్యాహ్నం ఒక్కపూటే, రాత్రికి చారన్నం మజ్జిగ. కార్తీకమాసం వస్తే నెలంతా నీసు బంద్. ఎవరూ క్యాలరీ అన్న మాట వినకుండానే ఇంట్లో ఒక పద్ధతి నడిచేది, తినే పూట తినేవాళ్ళు, ఆ పూట అయిపోగానే అయిపోయేది. నువ్వు చెప్పిన ఆదివారంలో పొద్దున ఏడింటికి దోసెతో మొదలై రాత్రి పదకొండింటికి చల్లారిన బిర్యానీ దాకా అది అయిపోవడమే లేదు. సరదాకి కూడా ఒక హద్దు ఉంటేనే సరదా.

నేనేం చేస్తానో చెప్తా, నీకు నచ్చితే చెయ్యి. మా ఇంటికి సీటీఆర్ హోటల్ దగ్గర, మార్గోసా రోడ్డులో. బెణ్ణె మసాలా దోసె అంటే నాకు ప్రాణం. ఆ దోసె ఎలా ఉంటుందంటే పైన ఎర్రగా గరగరలాడుతుంది, లోపల మెత్తగా ఉంటుంది, వేలితో నొక్కితే వెన్న వేలికంటుకుంటుంది, పక్కన చట్నీ తప్ప సాంబారు ఇవ్వరు, ఇవ్వకపోయినా ఎవరూ అడగరు. ఇంటి నుంచి నడిచి వెళ్తా, ఆదివారం వెళ్ళను, ఆ రష్‌లో బయట నిలబడి నిలబడి ఆకలి రెట్టింపై రెండు చెప్పేస్తాం. మామూలు రోజు పదకొండింటికి వెళ్తే కూర్చోనిస్తారు, ఒక్కటే తింటా, పూర్తిగా తింటా, మా ఆయనకి ముక్క కూడా ఇవ్వను. ఆ రోజు మధ్యాహ్నం పెరుగన్నంతో సరి. పాపం చేసినట్టూ ఉండదు, రేపటి నుంచి గట్టిగా అన్న శపథాలూ ఉండవు. చాలా ఏళ్ళుగా బరువు అక్కడక్కడే ఉంది.

ఇంకోటి, నీ డైట్ చూస్తే నాకు భయమేస్తోంది. ఒంగోలు పిల్లాడివి ఐదు రోజులు అన్నం మొహం చూడకుండా ఉంటే ఆరో రోజు ఒళ్ళు ఊరుకుంటుందా? రోజూ మధ్యాహ్నం ఒక గరిటెడు అన్నం పెట్టుకో, పప్పులో కాస్త నెయ్యి వేసుకో, స్పూను కొలిచి వెయ్యమను మీ వంటావిడని, టేబుల్ స్పూను నెయ్యి సుమారు 120 క్యాలరీలు కాబట్టి చెయ్యి జారితే కష్టం. మంగళవారం ఆవకాయ ముద్ద తిన్నవాడికి ఆదివారం అంత కరువు ఉండదు.

కరీంనగర్ టు కోరమంగళ:

అక్కా మీరు చెప్పింది మంచిగనే ఉంది గని అందరికి గట్ల సెట్ గాదు. నాకు కొంచెం కొంచెం తినుడు రాదు. ఒక్క చెంచ బిర్యానీ అంటే నాకు మండుతది, తింటే తినాలె లేకుంటే దాని జోలికే పోవద్దు. నేను ఏండ్ల సంది ఆదివారం ఫుల్ డే పెట్టుకుంట, పదిహేను కిలోలు తగ్గిన, మళ్ళ పెరగలె. బుధవారం నాడు టీమోళ్ళు పిజ్జా తెప్పిస్తే ఆదివారం ఉంది కదా అని మనసుకు చెప్పుకుంట, అది ఊకుంటది. ఆదివారం లేకుంటే బుధవారం ఆగుడు నాతోని కాదు.

కాకపోతే నాకు కొన్ని రూల్స్ ఉన్నయి బ్రదర్, ఉత్తగ వదిలేసుడు కాదు. ఆదివారం పొద్దున లేవంగనే కబ్బన్ పార్కు పోత, ఆ రోజు లోపటికి బండ్లు రానియ్యరు, రోడ్ల మీద పిల్లలు స్కేటింగ్ చేస్తుంటరు, గంట సేపు ఉరుకుడు నడుసుడు. వచ్చి నాలుగు గుడ్లు తింట. కడుపుల ప్రోటీన్ పడ్డంక మధ్యాహ్నం అంత ఆవురావురుమని ఉండదు. ఆకలి మీద ఫుడ్ యాప్ ఓపెన్ చేసినవంటే ముగ్గురికి సరిపోయేది ఆర్డర్ పెడతవ్, నేను కొలిగ్స్ తోని పందెం కడత దీని మీద. అందుకే తెప్పించుకోను, పోయి కూసొని తింట. రెసిడెన్సీ రోడ్డు మీద ఆంధ్రా మీల్స్ దిక్కు పోతే అరిటాకుల పప్పు, పొడి, నెయ్యి, మళ్ళ మళ్ళ అన్నం ఏస్తనే ఉంటరు, అక్కడ ఆకు మడిచేసుడే మన చేతిల ఉంది. ఇంటికి ప్యాకింగ్ తెచ్చుడు బంద్. సాయంత్రం ఆరు దాటినంక ఏం లేదు, ఆకలైతే మజ్జిగ.

మందు మాత్రం వేరే దినం. బీరు లోపటికి పోయినంక రూల్ గీల్ ఏమి యాదికుండదు, గ్రాము ఆల్కహాల్‌కి 7 క్యాలరీలు అది వేరే సంగతి, అసలు నష్టం బీరుది కాదు, దాని పక్కకు వచ్చే చికెన్‌ది పల్లీలది. అది దాటిన తర్వాత రాత్రి పన్నెండుకు షవర్మా.

అక్క పద్ధతి మంచిదే, కాదనను. గని ఎవరి మనసు ఎట్లుంటదో ఆళ్ళకే తెలుస్తది. ఒక నెల ఇట్ల ఒక నెల అట్ల చేసి చూడు, ఏ నెల సగటు తగ్గితె అదే నీది.

హిందూపురం ప్యాసింజర్:

అప్పా నేను షుగర్ పేషెంట్‌ని, యశవంతపురంలో ఉంటా, రిటైర్మెంట్‌కి దగ్గరలో ఉండా. మీరంతా క్యాలరీలు కాటాలు మాట్లాడుతుండారు, బాగుంది, కాని షుగర్ ఉండేవాళ్ళకి ఈ ఒకరోజు కట్టు తప్పే యవ్వారం వేరే లెక్క, అది చెప్పకపోతే ఎవరన్నా చదివి పొరపాటు పడతారని రాస్తాండా.

మాకు తెలిసినాయన ఒకరు రాత్రికి పెండ్లి విందు ఉందని పొద్దున్నించి పస్తు ఉన్న్యాడు, మాత్ర మాత్రం మామూలుగా మింగినాడు. సాయంకాలానికి చెమటలు, చేతులు వణుకు, చక్కెర నోట్లో పోస్తే గాని తేరుకోలేదు. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు సాయంత్రానికి దాచుకుందామని పగలు తినకుండా ఉండకూడదు. ముందే డాక్టర్‌ని అడిగి పెట్టుకోవాల. ఆదివారం కదా అని మాత్ర మానేసేవాళ్ళు కూడా ఉండారు, ఏం చెప్పాల వాళ్ళకి.

నీకు షుగర్ లేదు కదా నాకెందుకు అనుకోవద్దు అబ్బోడా. 88 కేజీలకి నీ హైటుకి బీఎంఐ 29 పైన వస్తాది. మన దేశం వాళ్ళకి 23 దాటితేనే ఎక్కువ బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క, నడుం మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటకూడదు. 2023లో ఐసీఎంఆర్ వాళ్ళ సర్వే బయటకొచ్చింది, దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్ల పైన, వచ్చే దారిలో ఉన్నవాళ్ళు 13 కోట్ల పైన. ఒకసారి హెచ్‌బీఏ1సీ అని మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్త పరీక్ష చేయించుకో, 5.7 కింద ఉంటే సంతోషం, 6.5 అయితే డాక్టర్ దగ్గరికి పో, మధ్యలో ఉంటే వారం వారం ఇట్లా ఆదివారాలు చేసే టైం కాదు అది.

నేను ఏం తింటా అని అడుగుతావేమో. మనవరాలి పుట్టినరోజుకి నేనూ బిర్యానీ తింటా. ముందు కీరా ఉల్లిగడ్డ, తర్వాత చికెన్ ముక్కలు, పెరుగు పచ్చడి, ఆఖర్న అన్నం, అదీ చిన్న గిన్నెకి. ఈ వరసలో తింటే షుగర్ అంత ఎగరదు, మీటర్ పెట్టి చూసుకున్న్యా. తిన్న్యాక సోఫాలో కూలబడకుండా ఓ ఇరవై నిమిషాలు నడుస్తా. మిగతా దినాల్లో సంగటి, పప్పాకు, నాకేం కరువు లేదు.

పేరు వద్దు:

ఇది ఒక్కటి చెప్పి వెళ్ళిపోతా. పైన అందరూ రాసింది మామూలుగా తినేవాళ్ళ సంగతి. కొంతమందికి ఈ చీట్ డే అలా ఉండదు. కడుపు నొప్పెట్టేదాకా తినడం, తింటున్నది రుచి కూడా తెలియకపోవడం, ఎవరూ చూడకుండా తినడం, డెలివరీ కవర్లు తీసుకెళ్ళి కింద డస్ట్‌బిన్‌లో పడేసి రావడం, తర్వాత ఏడుపు, మళ్ళీ అదే. వారానికి ఒకసారైనా ఇలా మూడు నెలల పాటు జరుగుతుంటే డాక్టర్లు దాన్ని జబ్బు కిందే చూస్తారు, 2013 నుంచి వాళ్ళు చూసే మానసిక జబ్బుల పుస్తకంలో దానికి సొంతంగా పేరుంది, బింజ్ ఈటింగ్ డిజార్డర్ అని. తిండిపోతుతనం అని ఇంట్లోవాళ్ళు తిడతారు గాని అది కాదు.

1975లో ఒక ప్రయోగం చేశారు. ఎప్పుడూ నోరు కట్టేసుకుని ఉండే అమ్మాయిలకి ముందు మిల్క్‌షేక్ తాగించి తర్వాత ఐస్‌క్రీమ్ ఎంత కావాలంటే అంత తినమన్నారు. మామూలువాళ్ళు షేక్ తాగాక ఐస్‌క్రీమ్ తక్కువ తిన్నారు, వీళ్ళు మాత్రం ఏమీ తాగనప్పటికన్నా ఎక్కువ తిన్నారు. ఎలాగూ పాడైంది కదా ఇవాళ్టికి, కానీ అని. అంతకు ముందు 1944-45లో అమెరికాలో మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళకి ఆరు నెలల పాటు సగం తిండి పెట్టి చూశారు, తర్వాత ఇష్టమొచ్చినంత తినమంటే కొందరు కడుపు పగిలేలా తిన్నా ఇంకా ఆకలే అన్నారట. వాళ్ళకి సంకల్పం లేక కాదు కదా.

కాబట్టి ఈ థ్రెడ్ చదువుతూ గుండెల్లో ఎక్కడో గుచ్చుకున్నవాళ్ళు ఎవరన్నా ఉంటే చీట్ డే ఉండాలా వద్దా అన్న చర్చ వదిలెయ్యండి, మీకు ముందు డైటే వద్దు. మన ఊళ్ళోనే నిమ్హాన్స్ అనే మానసిక ఆరోగ్య ఆసుపత్రి ఉంది, లేదా గవర్నమెంటు హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

మసాలా తక్కువ:

పైన జోక్ వేశాను, సారీ. ఇది మా చెల్లికి పంపిస్తున్నా.

బెళ్ళందూరు బావ:

అందరికీ థాంక్స్, ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. ఆఖర్న రాసినవారికి, నాకు ఆ ఇబ్బంది లేదండి, నాది అచ్చంగా కక్కుర్తే, కాని మీరు రాయడం మంచిదైంది.

ఎక్సెల్ అన్నా మీరు సీఐడీనా ఏంటి. శనివారం సంగతి నేను రాయలేదు నిజమే. శనివారం రాత్రి హెచ్ఎస్ఆర్‌లో ఫ్రెండ్ ఇంట్లో కలుస్తాం, అదేం పెద్ద తిండి కాదు, మిక్చరు, చిప్స్, ఓ రెండు మూడు బీర్లు, గోబీ మంచూరియా, అంతే అనుకున్నా. ఇప్పుడు కూడితే మీరన్న 900 దాటేట్టుంది. మా మరదలికి ఈ లింక్ పంపించా, ఆ అమ్మాయి ఏం మాట్లాడకుండా నవ్వే బొమ్మలు పదిహేను పెట్టింది.

మల్లేశ్వరం అక్కా, మధ్యాహ్నం గరిటెడు అన్నం సోమవారం నుంచి మొదలెట్టేస్తున్నా, మా వంటావిడ కూడా హమ్మయ్య అంది, రోజూ పుల్కాలు ఒత్తలేక చస్తుందట. హిందూపురం పెద్దాయనా, మా నాన్నకి షుగర్ ఉంది, టెస్ట్ ఈ వారమే చేయిస్తా. కరీంనగర్ అన్న చెప్పినట్టు రోజంతా పెట్టుకుని ఆరింటికి ఆపడం నా వల్ల కాదు, ఆరింటికి మా పాప ఐస్‌క్రీమ్ అంటది. కాబట్టి శనివారం బీరు ఒకటి, మంచూరియా కట్, ఆదివారం మధ్యాహ్నం ఒక్క పూట బిర్యానీ, పొద్దున ఇంట్లోనే గుడ్లు, ఐస్‌క్రీమ్ పాపది రెండు చెంచాలు. లెక్క సరిపోద్దా అన్నా? ఇంకో డౌటు, మేం నలుగురం వెళ్తాం, ఎప్పుడూ ఫ్యామిలీ ప్యాకే చెప్తాం, చవగ్గా వస్తుందని. అది పర్లేదా?

కరీంనగర్ టు కోరమంగళ:

పాప ఐస్‌క్రీమ్ రెండు చెంచలు అంటున్నవ్ గని నాకైతే నమ్మబుద్ధి అయితలేదు బ్రదర్ 😄

ఎక్సెల్ షీటు:

శనివారం మామూలు రోజు కన్నా ఓ 300 ఎక్కువ, ఆదివారం గుడ్లు 300, బిర్యానీ స్టార్టర్ కలిపి 1500, రాత్రికి ఏదన్నా తేలిగ్గా 400, పాప ఐస్‌క్రీమ్‌లో నీ వాటా 100, ఇదంతా 2300. వారానికి 2800 దాకా మిగులు, నెలకి కిలోన్నర లెక్క. ఓ ఎనిమిది వారాలు చూడు, 88 నుంచి కిందికి దిగేకొద్దీ ఖర్చు కూడా తగ్గుద్ది కాబట్టి అప్పుడు మళ్ళీ లెక్క మార్చుకోవాలి. కూల్‌డ్రింకు ఈ లిస్టులో లేదు, చూసుకో.

ఫ్యామిలీ ప్యాక్ మాత్రం వద్దు. చవకే, కాని నలుగురు తిన్నాక మిగులుద్ది, మిగిలింది ఎవరింటికెళ్తుందో నువ్వే రాశావు. ఎవరి ప్లేటు వాళ్ళు చెప్పుకోండి, రైతా ఇంకో కప్పు అడుగు, ఊరికే ఇస్తారు.